పాత రిజిస్టర్‌లో నా ఎంప్లాయీ నంబర్

దయ్యాలు, పూర్వజన్మలు, ముందే తెలిసిపోవడాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. నా ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ చూస్తాను. ఏదైనా సిస్టమ్ ఆగిపోతే, ఎందుకు ఆగిందో కారణం వెతికి రాసి పంపేదాకా మా టీమ్‌కి ఊపిరాడదు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. కారణం దొరకలేదని ఎవరైనా అంటే సరిగ్గా వెతకలేదనే అనుకుంటాను, ఆ మాట మొహం మీదే అనేస్తాను కూడా.

ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా అలాగే వెతికాను. దొరకలేదు.

ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి. పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున చందానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కాను. సీటు దొరికింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి చూస్తే కుడిచేతి బొటనవేలు తనంతట తాను కదులుతోంది, చూపుడువేలితో కలిసి ఏదో గింజను నలుపుతున్నట్టు. చెయ్యి ఎత్తితే ఆగింది. మళ్ళీ పెడితే మళ్ళీ మొదలైంది.

ఆ కదలిక నాకు కొత్త కాదు. మా నాన్న చెయ్యి పన్నెండేళ్ళు అలాగే కదిలింది. పార్కిన్సన్స్, వణుకుడు జబ్బు. ప్రొద్దుటూరులో ఆయన టైలరు. మొదటి రెండేళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. కొలతల పుస్తకంలో ఆయన రాత చిన్నదైపోతూ వచ్చింది, లైను మొదట్లో మామూలుగా ఉండి చివరికి వచ్చేసరికి చీమలంత అయ్యేది. అదీ ఈ జబ్బు లక్షణమేనని మాకు అర్థం కాలేదు. ఆ తర్వాత పదేళ్ళు అమ్మే చూసుకుంది. గుండీలు పెట్టడం, అన్నం తినిపించడం, రాత్రి పక్క మీద ఇటు నుంచి అటు తిప్పడం అన్నీ ఆమే. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చేసింది. నాకు విడాకులై ఆరేళ్ళు. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం.

డెబ్భై దాటాక అమ్మకి ఇప్పుడే కాస్త తీరిక దొరికింది. తెల్లారి ఆరు దాకా నిద్రపోతుంది. సాయంత్రం అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళతో కలిసి వాకింగ్‌కి వెళ్తుంది. ఆమె దగ్గరికి వెళ్ళి నా చెయ్యి చూపించడానికి నాకు మనసొప్పలేదు. డాక్టర్ దగ్గరికీ వెళ్ళలేదు. వెళ్తే దానికి పేరు పెట్టేస్తారు, ఇక దాచడం కుదరదు. నిజం చెప్పాలంటే భయం.

అప్పటినుంచి నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. చెయ్యి ఖాళీగా ఉంటేనే వణుకు. అందుకని ఖాళీగా ఉంచలేదు. మీటింగుల్లో నిలబడే ఉండేదాన్ని, చేతిలో పెన్నో ఫోనో తిప్పుతూ. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే చిక్కుడుకాయలు వలవడం, బట్టలు మడతపెట్టడం. ఇన్నాళ్ళకి కూతురికి ఇంటిపని మీద ధ్యాస వచ్చిందని అమ్మ మురిసిపోయింది. ఆమె అలా మురిసిపోతుంటే నేను ఇంకో గిన్నెడు కాయలు ముందేసుకునేదాన్ని.

తాయ్ చీ ఈ జబ్బుకి మంచిదని ఇంటర్నెట్‌లో చదివాను. నెమ్మదిగా కాళ్ళూ చేతులూ కదిపే చైనావాళ్ళ వ్యాయామం అది. ఖాజాగూడ చెరువు దగ్గర శనివారాలు నేర్పిస్తారు కానీ అక్కడికి మా ఆఫీసులో సగం మంది వస్తారు. ఎవరైనా చెయ్యి చూస్తే సోమవారానికల్లా ఫ్లోరంతా తెలుస్తుంది. వెతగ్గా వెతగ్గా హిమాచల్ కొండల్లో ఒక చిన్న ఊళ్ళో శని, ఆదివారాల శిబిరం ఒకటి కనిపించింది. అక్టోబర్‌లో. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఇబ్బంది. ఒక వణికే చేతిని దాచుకోవడానికి దేశం ఆ కొసకి టికెట్ బుక్ చేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఒంటరిగా వెళ్దామనుకున్నాను, స్వరూప సాగనివ్వలేదు. మా టీమ్‌లోనే చేస్తుంది, నాకన్నా ఐదేళ్ళు చిన్నది. నార్సింగి పాతకాపు. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు అక్కడ వాళ్ళ తాత జొన్న వేసేవాడట.

"నేను గూడ వస్త అక్కా. పిల్లల్ని మా అత్త సూస్కుంటది. రెండు దినాలు ఆ లాప్‌టాప్ మొఖం సూడకుంటే సచ్చిపోం గద" అంది.

వద్దనడానికి నాకు వంక దొరకలేదు. స్ట్రెస్ కోసం వెళ్తున్నానని ఆమెకీ అమ్మకీ ఒకే అబద్ధం చెప్పాను.

శుక్రవారం పొద్దున విమానంలో చండీగఢ్, అక్కడినుంచి కారులో ఏడు గంటలు. ఇంకా వెలుతురు ఉండగానే చేరాం. ఒకే వీధి, పలకరాళ్ళ కప్పులు, కింద ఏరు. శిబిరానికి వచ్చేవాళ్ళంతా ఒకే గెస్ట్‌హౌస్‌లో దిగుతారు. స్వరూప డ్రైవర్‌తో లెక్క తేలుస్తుంటే నేను ముందు లోపలికి వెళ్ళాను. గెస్ట్‌హౌస్ నడిపే పెద్దావిడ నన్ను చూసి లేచి ఎదురొచ్చింది.

"ఫిర్ ఆ గయీ బేటీ? హాథ్ కైసా హై అబ్?" అంది.

మళ్ళీ వచ్చావా, చెయ్యి ఎలా ఉందిప్పుడు, అని. నా కుడిచెయ్యి స్వెట్టర్ జేబులో ఉంది. నేను ఇక్కడికి రావడం ఇదే మొదలని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆవిడ నవ్వి, ఏరు వైపు మూలగది తాళంచెవి నా చేతిలో పెట్టింది. కిందటిసారి నచ్చిందన్నావుగా, అని కూడా అంది. ఇంతమందిలో ఎవరో అనుకుని ఉంటుందిలే అని మెట్లెక్కాను. కానీ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. చెయ్యి సంగతి ఎలా అడిగింది?

శనివారం పొద్దున పది గంటలకి శిబిరం. పాత బడి హాలు, చెక్క నేల, ఇరవై మందిమి ఉన్నాం. నేర్పేది డెబ్భై దగ్గరున్న మనిషి. ఒకప్పుడు కలప డిపోలో పనిచేశారట, కలకత్తాలో ఒక చైనా ముసలాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నారట. అందరూ గురూజీ అంటున్నారు. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పొడుగు రిజిస్టర్ ఉంది. పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా, ఇవీ గడులు.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ఐడీ కార్డు మర్చిపోయిన ప్రతిసారీ, లాప్‌టాప్ బయటికి తీసుకెళ్ళిన ప్రతిసారీ, క్యాబ్ ఎక్కిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాసి రాసి, ఎవరు రిజిస్టర్ ముందు పెట్టినా పేరు పక్కన చెయ్యి దానంతట అదే ఎంప్లాయీ నంబర్ రాసేస్తుంది. ఒకసారి కిరాణా కొట్టులో కూడా రాశాను. ఇక్కడా ఫోన్ గడిలో అదే రాశాను.

స్వరూప నా భుజం మీదినుంచి చూసి, "ఏందక్కా, గీడ గూడ స్వైప్ ఉందనుకున్నవా?" అంది.

కొట్టేసి ఫోన్ నంబర్ రాశాను. ఇబ్బంది గడిలో "ఏమీ లేదు" అని రాశాను.

గురూజీ మొదటి కదలికలు చూపించడం మొదలుపెట్టారు. బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి నెమ్మదిగా మార్చాలి, నడుము తిరగాలి, చేతులు నడుము వెంట రావాలి. అందరూ తడబడుతున్నారు. స్వరూప రెండుసార్లు పక్కావిడ కాలు తొక్కింది. నేను తడబడలేదు. మొదట అది గమనించనేలేదు. మూడో కదలిక దగ్గర గురూజీ ఇంకా చెప్పకముందే నా నడుము ఎడమవైపు తిరిగింది. ఆ తర్వాత ఆయన చూపించింది సరిగ్గా అదే. నాకు డాన్సు రాదు, యోగా క్లాసు రెండు వారాలకే మానేశాను. ఇలాంటివి ఒంటికి గుర్తుండటానికి నేను ముందెప్పుడైనా చేస్తేగా?

ఆయన నా దగ్గరికి వచ్చి, మీరు కొత్తవాళ్ళతో నిలబడనక్కర్లేదు, ఇవన్నీ చేసినవే కదా అన్నారు. నా చేతుల వైపు చూసి తల ఊపారు. అప్పుడు చూసుకున్నాను. నా ఎడమ అరచెయ్యి కుడి మణికట్టు కింద ఆనించి ఉంది. మిగతావాళ్ళెవరూ అలా పెట్టలేదు. వణుకు తెలియకుండా ఉండటానికి అలా పట్టుకోమని పోయిన అక్టోబర్‌లో ఆయనే నాకు చెప్పారట. అదిగో ఆ కిటికీ పక్కన నిలబడేవారు, అన్నారు.

నేను రాలేదన్నాను. కాస్త కటువుగానే అన్నాను. ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యపడ్డారు. మిగిలిన రోజంతా నాకు ఒకచోట నిలవబుద్ధి కాలేదు. మధ్యాహ్నం అన్నం మానేసి ఆ ఒక్క వీధిలోనే పైకీ కిందికీ నాలుగైదుసార్లు తిరిగాను.

ఆదివారం పొద్దున ఆయన పోయినేటి రిజిస్టర్ తెచ్చి బల్ల మీద తెరిచిపెట్టారు.

పేజీ మధ్యలో ఉంది. పైన ఆరుగురు, కింద తొమ్మిదిమంది. నా పేరే, హిమబిందు, ఇంటిపేరుతో సహా. ఊరు హైదరాబాద్. ఫోన్ గడిలో ఏడంకెల నంబర్. కొట్టివేత లేదు. అది నా ఎంప్లాయీ నంబర్. ఈ కంపెనీలో నేను చేరింది వణుకు మొదలవడానికి నెల ముందు, జనవరిలో, ఆ నంబర్ నాకు ఇచ్చింది అప్పుడే. ఆ పేజీ మీద తేదీ అంతకుముందు అక్టోబర్‌ది. అప్పటికి నేను ఇంకో కంపెనీలో ఉన్నాను, దీనికి అప్లై కూడా చెయ్యలేదు.

చేతిరాత నాదే. కానీ పేరు మొదట్లో ఉన్నంత పెద్దగా చివరి అక్షరం లేదు. హైదరాబాద్ అన్న మాట చివరికొచ్చేసరికి చదవడానికి కళ్ళు దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. నాన్న కొలతల పుస్తకం గుర్తొచ్చింది. ఇబ్బంది గడిలో ఇంగ్లీషులో రాసి ఉంది. పార్కిన్సన్స్, కుడివైపు, నాలుగేళ్ళుగా.

నాకు మొదలై అప్పటికి ఎనిమిది నెలలు.

స్వరూప అది చదివింది. నా మొహంలోకి చూసింది, తర్వాత నా చేతిని చూసింది. దాచడానికి నాకు తోచలేదు. బల్ల మీద అది తన పని తాను చేసుకుంటోంది.

"గందుకేనా అక్కా, మీటింగుల కూసోవు?" అంది మెల్లగా.

ఫోటో తీసుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఏమీ చెరిగిపోలేదు, అన్ని అక్షరాలూ స్పష్టంగానే ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు దారంతా కారణాలు వెతికాను. శనివారం నేను నంబర్ రాసి కొట్టేశాను కాబట్టి ఎవరైనా చూసి పాత పుస్తకంలో ఎక్కించి ఉండొచ్చు. కానీ పైన కింద ఖాళీ లేకుండా పేర్లున్న పేజీ మధ్యలో ఎలా ఎక్కిస్తారు? అయినా నా జబ్బు పేరు వాళ్ళకెలా తెలుసు, నేను "ఏమీ లేదు" అని రాస్తే? పోనీ నేనే వచ్చి మర్చిపోయానా? పోయినేడు ఆ శని, ఆదివారాలు మా పిన్ని కూతురి గృహప్రవేశం. రెండురోజులూ ఫోటోల్లో నేనున్నాను, అమ్మ పక్కన, ఒకే పట్టుచీరలో చెమటలు కక్కుతూ.

మిగిలింది ఒకటే. ఆ పేజీలో నా పేరు కింద పటియాలా నుంచి వచ్చిన ఒకావిడ పేరు, ఫోన్ నంబర్ ఉన్నాయి. మంగళవారం భోజనాల వేళ నేనూ స్వరూపా ఆఫీసు ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీద కూర్చుని ఆ నంబర్‌కి చేశాం. హిందీ స్వరూపకి బాగా వచ్చు కాబట్టి తనే మాట్లాడింది. స్పీకర్ పెట్టింది.

ఆవిడ బ్యాంకులో చేస్తారట. అడగ్గానే గుర్తుపట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన హిమ కదా, మణికట్టుకి మణికట్టు ఆనించి ఇద్దరిద్దరు చేసే సాధన ఒకటుంది, అందులో నా జోడీ హిమే, చెయ్యి వణికేది పాపం, అన్నారు. వయసెంత ఉంటుందని స్వరూప అడిగింది. నలభై అయిదు, నలభై ఆరు, జుట్టు సగం నెరిసింది అన్నారు. నాకు నలభై రెండు.

స్వరూప నా వైపు చూసి, అడక్కుండానే నా ఫోటో ఒకటి ఆవిడకి పంపింది.

"యే ఉన్‌కీ ఛోటీ బెహన్ హై క్యా?" అన్నారు. ఈమె ఆవిడ చెల్లెలా, అని.

ఆవిడే కొనసాగించారు. హిమ పెద్దగా మాట్లాడేది కాదట. వెళ్ళిపోయే రోజు మాత్రం, మీకు అమ్మ ఉందా అని అడిగిందట. ఉందంటే, నేను మా అమ్మకి ఈ జబ్బు సంగతి చెప్పలేకపోయాను, ఇంకా టైముందనుకున్నాను, ఆమె పోయి ఏడాదైంది, అందట. హిమ ఎలా ఉందిప్పుడు, నేను అడిగానని చెప్పండి, అని ఆవిడ అన్నారు.

స్వరూప థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. "ఆమె ఎవరన్న గానీ అక్కా. నువ్వు ఇంటికి పో. నేను మేనేజర్‌కి చెప్త" అంది.

మధ్యాహ్నం ఎంఎంటీఎస్‌లో జనం లేరు. కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. చందానగర్ మార్కెట్ మీదుగా దాదాపు పరుగులాంటి నడకతో ఇంటికి వెళ్ళాను. ఇంట్లో అమ్మ ఉంటుందా ఉండదా అన్నట్టు గాభరా. తాళం తీస్తే వంటింట్లో ఉంది, వేరుశనక్కాయలు వేయిస్తోంది. ఇంత తొందరగా వచ్చావేమని అడిగింది. నేను స్టవ్ ఆపి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, నా కుడిచెయ్యి ఆమె మోకాలి మీద పెట్టాను. ఏమీ చెప్పనవసరం లేకపోయింది. పదేళ్ళు చూసిన మనిషి.

అమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుండి?" అంది.

"ఫిబ్రవరి నుంచి."

"మీ నాయన రెండేండ్లు దాచిపెట్టె. నువ్వు ఎనిమిది నెలలకే చెప్తివి, మేలే. రేపు డాక్టరు కాడికి పోదాం. ముందు అన్నం తిను" అంది.

అప్పుడు ఏడ్చాను. ఎనిమిది నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అమ్మ ఏడవలేదు.

మా అనుమానం నిజమేనని డాక్టర్ అన్నారు. తొందరగానే వచ్చారు, మందులు బాగా పనిచేసే దశ ఇది అన్నారు. పనిచేస్తున్నాయి కూడా. ఇప్పుడు శనివారాలు ఖాజాగూడ చెరువు దగ్గరికే వెళ్తున్నాను, ఎవరు చూస్తే నాకేం అనుకుని. అమ్మ రాళ్ళ మీద కూర్చుని, నేను వంగింది చాల్లేదని అక్కడినుంచే కేకలేస్తుంది. ఆఫీసులో అందరికీ తెలిసింది. నేననుకున్నంత ఏమీ కాలేదు.

ఆ రిజిస్టర్‌లో రాసిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఫోటో తీసి ఎన్నిసార్లు చూసినా, ఎన్ని రకాలుగా విడగొట్టి చూసినా కారణం అందలేదు. మా టీమ్‌లో ఎవరైనా ఇలాంటి రిపోర్ట్ తెస్తే తిప్పి పంపేదాన్ని.

అమ్మకి శిబిరం సంగతి, రిజిస్టర్ సంగతి, పటియాలా ఆవిడ గుర్తుపట్టిన సంగతి అన్నీ చెప్పాను. ఒక్కటి తప్ప. ఆ హిమకి జబ్బు మొదలై నాలుగేళ్ళు, అమ్మ పోయి ఏడాది. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నాలుగులోంచి ఒకటి తీస్తే మిగిలేది మూడు, అందులో ఒకటి ఇప్పటికే కావస్తోంది. చెప్పడంతో ఆ లెక్క మారిందో, అలాగే ఉందో నాకు చెప్పేవాళ్ళు లేరు. అందుకే నెలకోసారి అమ్మని తీసుకెళ్ళి గుండె, బీపీ, షుగర్, దొరికిన టెస్టల్లా చేయిస్తున్నాను. అన్నీ బాగున్నాయని కాగితం ఇస్తారు. నాకు నాలుగు రోజులు నెమ్మదిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే.

మొన్న కూడా టెస్టులకి బయల్దేరదీస్తే అమ్మకి విసుగొచ్చింది. సోఫాలోంచి లేవకుండా, "మందులు నీకు, సూదులు నాకా? మనిద్దర్లో రోగం ఎవరికి మే?" అంది.

నేను చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాను.